దసరా తర్వాతి కోర్టు

13 అక్టోబరు 2024, ఆదివారం. జగ్గయ్యపేట

నిన్నటితో పండగ అయిపోయింది. ఇక సంక్రాంతి పోటీల దాకా పొద్దున్నే బాల్ బ్యాడ్మింటన్. పలుగూ పారా పట్టుకుని ఆరింటికే గ్రౌండుకు వెళ్లాం. అక్కడ కోర్టు ఉందని ముందే తెలిసినవాళ్లకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. ఆగస్టు ఆఖర్లో మొదలై సెప్టెంబరు ఒకటిన కూడా దంచిన వానకు, పోయినేడు చందాలేసుకుని పోయించిన క్రషర్ డస్టంతా ఓ మూలకు కొట్టుకుపోయింది. కింది నల్లరేగడి పైకి తేలి, ఎండి, నెర్రెలిచ్చింది. దాని మీద మోకాటెత్తు వయ్యారిభామ, మధ్యలో తుంగ, అంచుల్లో పల్లేరు. నెట్టు కట్టే గుంజల్లో ఒకటి తూర్పుకు ఒరిగింది.

ఈ ఏటి వానను ఆట కోసం తిట్టడానికి నోరు రాదు. పాలేరూ మునేరూ పొంగి, ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి, హైదరాబాదు బండ్లన్నీ నిలిచిపోయాయి. నిరుడు జూలైలోనూ ఇంతే. బెజవాడలో బుడమేరు ముంచిన ఇళ్లలో మా వదినగారిదీ ఒకటి. అలాంటప్పుడు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు ఉన్న మట్టి కోర్టు పాడైందని ఎవరి దగ్గర వాపోతాం? ఇది సొంత పుస్తకం కాబట్టి ఇక్కడ వాపోతున్నాను.

పనికి వచ్చింది ముగ్గురం: నేను, మందుల షాపు బావ, రిటైరైన లెక్కల మాస్టారు. మూలలు సరిగ్గా రావడానికి మాస్టారు తాడుకు ముళ్లు వేసి 3-4-5 లెక్క కట్టారు. పది గంటలకు సున్నం గీతలు పూర్తయ్యాయో లేదో, "ఇంకేం, ఆడదామా" అంటూ మిగతావాళ్లు బ్యాట్లతో దిగారు. అందులో ఒకడు వెనక గీత వంకరపోయిందన్నాడు. మాస్టారు మారు మాట్లాడలేదు. తాడు అతని చేతిలో పెట్టి టిఫినుకు వెళ్లిపోయారు.

సున్నానికి మాత్రం మాకెప్పుడూ లోటు రాదు. ఊరి చుట్టూ ఉన్నవి సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలే కదా.

17 అక్టోబరు, గురువారం

వాయుగుండం చెన్నై పక్కన తీరం దాటిందట. ఇక్కడ మబ్బూ తుంపరా. కోర్టులో వేసిన సున్నం సగం కరిగింది.

ఆట లేదు కాబట్టి అటక మీంచి బ్యాట్లు దింపాను. కొత్తదాని గట్టింగ్ వదులైంది. పాతదాన్ని ఎలుక కొట్టింది. నిలువు నరాలు మాత్రమే కొరికి అడ్డవాటిని వదిలేసింది, ఎందుకో. ఆవిడ చూసి, "ఏవండీ, అది కూడా సీజన్ మొదలెట్టిందేమో" అంది. రెండూ బెజవాడ పంపాలి. అక్కడ గట్టింగ్ వేసే ఆయన దగ్గర దసరా తర్వాత జిల్లాలోని బ్యాట్లన్నీ వరసలో నిలబడతాయి. అందరికీ ఒకే వారంలో ఆట గుర్తొస్తుంది మరి.

సాయంత్రం బంగారం కొట్టులో కూర్చున్నాం. ఆ కొట్టు కుర్రాడు మాలో చిన్నవాడు, వెనక లైనులో ఆడతాడు. మా బంతి అంటే పసుపు రంగు ఉన్ని ఉండ. రూలు ప్రకారం 27 నుంచి 30 గ్రాముల మధ్య తూగాలి. నిరుటి బంతులు సంచిలో మిగిలి ఉంటే, సరదాకి నగలు తూచే కాటా మీద పెట్టాం. ఒకటి నూలు ఊడి ఊడి 23కి దిగింది. పొద్దున వరండాలో పెట్టి మర్చిపోయిన ఇంకోటి తుంపరకు తడిసి 40 దాటింది, పెరుగులో నానిన ఆవడలా. కుర్రాడు మొహంలో నవ్వు రానీయకుండా, "దీనికి తరుగు ఎంత వేయమంటారు బాబాయ్?" అన్నాడు. కొట్లో గాజులు చూస్తున్న ఆడవాళ్లు మా వంక చూసిన చూపు రాయడానికి ఈ పేజీ చాలదు.

20 అక్టోబరు, ఆదివారం

మొదటి ఆట. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు.

దీన్ని ఆట అనొచ్చా అన్నది వేరే సంగతి. ఉన్ని బంతి నేల మీద పడి లేవదు. గాల్లో ఉండగానే కొట్టాలి, ఒకరే వరసగా రెండుసార్లు కొట్టకూడదు. వేసవిలో మానేసి ఇప్పుడు దిగినవాళ్లకు బంతి ఎక్కడికి వస్తోందో తెలుస్తూనే ఉంటుంది, కాళ్లకే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. మందుల షాపు బావ స్మాష్ కొట్టబోయి బ్యాటు పూర్తిగా తిప్పాడు. బంతి అప్పటికే భుజం దాటి వెనక్కి పోయింది. "గాలి" అన్నాడు. ఆకు కూడా కదలడం లేదు. మాస్టారు సర్వీసు చేస్తే నెట్టు దాటింది కానీ ముందరి గీత దాటలేదు, ఆయన అది సున్నం మందంగా పోయడం వల్ల అన్నారు. పోసింది ఆయనే.

సాయంత్రానికి మెట్లు దిగడం అందరికీ కష్టమైంది. బావ షాపులో నొప్పుల ఆయింట్‌మెంట్ మా జట్టు వల్లే అమ్ముడైందట. అందుకే అతను ఆట ఏనాడూ ఎగ్గొట్టడని నా అనుమానం.

22 అక్టోబరు, మంగళవారం

రాత్రి మిషిగన్ నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. చలి ముదిరితే వాళ్ల గోల్ఫ్ ఇక కట్టేస్తారట. "మీది మొదలైందా మావయ్యగారూ" అని అడిగాడు. వాళ్ల ఆట సర్దే వేళకు మాది విప్పుతాం.

గోల్ఫ్ సీజన్ ఎలా మొదలవుతుందో ఈ ఏప్రిల్లో వాళ్లింట్లో ఉన్నప్పుడు కళ్లారా చూశాను కాబట్టి, అది ఇక్కడ రాసిపెట్టుకోవాలి. ఈ పక్క గోల్ఫ్ అంటే ఎవరికీ పట్టదు. చూడాలంటే ఇటు గోల్కొండ నయాకిలాకో, అటు విశాఖలో 1884 నాటి ఈస్ట్ పాయింట్ క్లబ్బుకో పోవాలి. అక్కడ మిషిగన్లో మాత్రం మా అల్లుడూ, ఒక నందిగామ కుర్రాడూ, ఒక తెనాలి కుర్రాడూ, ఖమ్మం అబ్బాయీ శీతాకాలమంతా గరాజులో బ్యాగులు తుడుచుకుంటూ కూర్చుని, ఎండ పొడ కనబడగానే తెల్లవారుజామున బయల్దేరారు. నన్నూ తీసుకెళ్లారు. తీరా వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. రాత్రి మంచు గడ్డి మీద గడ్డకట్టింది, ఇప్పుడు తొక్కితే గడ్డి పోచలు విరిగి చచ్చిపోతాయి, అది కరిగేదాకా ఎవరూ లోపలికి రాకూడదని. నలుగురు ఇంజినీర్లు, ఒక దస్తావేజుల లేఖరి, కార్లో హీటరు వేసుకుని, పులిహోర తింటూ, గడ్డి నిద్ర లేచేదాకా కాచుకున్నాం.

లోపలికి పోయాక చూస్తే బంతి దొర్లాల్సిన గ్రీన్ నిండా చిల్లులు. నేల గట్టిపడిపోకుండా, వేళ్లకు గాలి ఆడాలని వసంతంలో యంత్రంతో పొడిచి ఇసుక పోస్తారట. డబ్బు కట్టి ఆడేవాళ్ల బంతి ఆ చిల్లుల మీద ఎగిరెగిరి ఎటో పోతుంది. అల్లుడి మొదటి దెబ్బకు బంతి చెరువులో పడింది. నందిగామ కుర్రాడు "పర్లేదన్నా, ఇంకోటి కొట్టు" అన్నాడు. దాన్ని మలిగన్ అంటారు. రూల్స్ పుస్తకంలో అలాంటిది లేదు, స్నేహితుల మధ్యే చెల్లుతుంది. రెండోదీ చెరువులోకే వెళ్లింది. దానికి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

నాకు నచ్చింది వాళ్ల రూల్స్. నలభై ఏళ్లుగా క్రయ దస్తావేజులు రాస్తున్న చెయ్యి నాది, షరతు బాగా రాసినవాణ్ని చూస్తే ముచ్చటేస్తుంది. వాన నీళ్లు తాత్కాలికంగా నిలిచిన చోట బంతి పడితే శిక్ష లేకుండా తీసి పక్కన వేసుకోవచ్చు. మెత్తటి నేలలో దిగబడితే పైకి తీసుకోవచ్చు. నేల బాగోలేని రోజుల్లో క్లబ్బు వాళ్లు ప్రకటిస్తే, బంతిని ఎత్తి, తుడిచి, దగ్గర్లో మంచి చోట పెట్టుకుని కొట్టొచ్చు. పోయిన బంతిని మూడు నిమిషాలకు మించి వెతక్కూడదు. 2019కి ముందు ఐదు నిమిషాలుండేది. మనిషి బలం బట్టి ముందే కొన్ని దెబ్బలు తగ్గించే లెక్క ఒకటుంది, ఆఖరి 20 ఆటల్లో మంచివి 8 తీసి సగటు కడతారు. మాస్టారికి ఇది చెబితే రెండు రోజులు దాని మీదే ఉన్నారు.

అంటే వాన, బురద, మొదటి వారాల చేతగానితనం ఆటలో భాగమేనని వాళ్లు ఒప్పేసుకుని చట్టం చేశారు. మేమేమో ఏటా ఒప్పుకోం, ఏటా దెబ్బలాడుకుంటాం.

27 అక్టోబరు, ఆదివారం

దెబ్బలాట అయింది. కోర్టు మీదుగా పోయే కేబుల్ టీవీ వైరుకు బంతి తగిలి మా వైపు పడింది. పాయింటు మాదన్నాం, కాదు మళ్లీ ఆడాలన్నారు వాళ్లు. పోయినేడు ఇదే వైరు దగ్గర వాళ్లు ఏమన్నారో బావ గుర్తు చేశాడు. అటుపక్క వాళ్లు అంతకు ముందేడు బావ ఏమన్నాడో గుర్తు చేశారు. ఇంత జ్ఞాపకశక్తి ఉన్న జనం స్కోరు మాత్రం మర్చిపోయారు.

రాత్రి కూర్చుని తెల్లకాగితం మీద ఒక ఒప్పందం రాశాను. "జగ్గయ్యపేట కోర్టు నందు దసరా మొదలు ముక్కోటి వరకు ఆడు వయోజనులు తమలో తాము ఇష్టపూర్వకముగా వ్రాసుకొన్న ఒప్పంద పత్రమేమనగా" అని ఎత్తుకున్నాను. వైరుకు గానీ వేప కొమ్మకు గానీ తగిలిన బంతి చెల్లదు, పాయింటు మళ్లీ ఆడవలెను. ఉదయపు ఎండ కంట్లో పడినదని తూర్పు మొహంగా ఆడువారు చేయు ఫిర్యాదు సెట్టుకు ఒక్కసారి మాత్రమే చెల్లును. మంచుకు బంతి తడిసిన పక్షమున ఇరుపక్షములలో ఎవరు కోరినను మార్చవలెను, కాటా అవసరము లేదు. జారిపడిన వానికి లేచువరకు గడువు ఇవ్వవలెను, నవ్వుటకు అభ్యంతరము లేదు.

ఆవిడ చదివి, "సాక్షి సంతకం నన్ను చెయ్యమంటారా?" అంది.

1 నవంబరు, శుక్రవారం

దీపావళి కాగితాల చెత్త కోర్టు నిండా. ఊడ్చాం. ఊడవడానికి ముగ్గురమే. మందుగుండు పొగకు మాస్టారు దగ్గుతున్నారు.

5 నవంబరు, మంగళవారం. నాగుల చవితి

కోర్టు పడమటి అంచు అవతల తుప్పల్లో ఒక పుట్ట ఉంది. ఏడాదంతా దాని సంగతి మాకు పట్టదు. ఇవాళ తెల్లారకుండానే ఆడవాళ్లు పాలూ, చలిమిడీ, చిమ్మిలీ పట్టుకుని వచ్చారు. మేం ఆట ఆపుదామనే అనుకున్నాం. బంగారం కొట్టు కుర్రాడు "ఇదొక్క పాయింటు" అన్నాడు. ఆ ఒక్క పాయింటుకే బంతి ఎగిరి, నెత్తి మీద చెంగు కప్పుకున్న ఒక పెద్దావిడ పక్కనుంచి పోయి, పాలతో పాటు పుట్ట కన్నంలోకి జారింది.

"తీసుకోండి నాయనా" అని ఆవిడ పక్కకు జరిగింది. ఎవరూ కదల్లేదు. అది ఈ ఏటి కొత్త బంతి. బ్యాటు పిడితో లాగుదామా అంటే, పండగ నాడు పుట్టలో కర్ర పెడతారా అని ఆడవాళ్లు గట్టిగానే కేకలేశారు. వాళ్లు అన్నదాంట్లో న్యాయం ఉంది.

అల్లుడికి మెసేజ్ పెడితే పగలబడి నవ్వి, గోల్ఫులో దీనికి కూడా రూలుంది మావయ్యగారూ అన్నాడు. విషప్పాము, తేనెటీగలు, మొసలి, ఎలుగుబంటి, ఇలాంటి ప్రమాదకరమైన జంతువు బంతి దగ్గర ఉంటే శిక్ష లేకుండా పక్కకు వచ్చి ఆడొచ్చట. మా ఒప్పందంలో వెంటనే ఒక పేరా పెంచాను. అయితే మా దగ్గర చిక్కు పాముతో కాదు, పూజతో. దానికి భాష కుదరడానికి చాలాసేపు పట్టింది.

8 నవంబరు, శుక్రవారం

మా కోర్టులో అందరికన్నా పెద్ద నోరున్న మనిషి, ముందు వరసలో ఆడే ఆర్ఎంపీ డాక్టరు, అయ్యప్ప మాల వేసుకున్నాడు. మండలం రోజులు కోపం రాకూడదు, మాట తూలకూడదు, చెప్పులు తొడగకూడదు. నిన్నటిదాకా గీత మీద పడిన బంతి కోసం తల్లినీ తండ్రినీ తలచుకున్న మనిషి, ఇవాళ నల్లబట్టల్లో చేతులు జోడించి, "స్వామీ, అది అవుట్ స్వామీ" అన్నాడు. మేం "లోపలే స్వామీ" అన్నాం. పళ్లు కొరుకుతూ "స్వామి శరణం" అని పాయింటు ఇచ్చేశాడు. ఇదేదో బాగుందని బావ ప్రతి గీత దగ్గరా "లోపలే స్వామీ" మొదలెట్టాడు. ఇది అధర్మం. చెప్పాను కూడా, కానీ ఆట గెలిచాకే చెప్పాను.

పల్లేరు కాయ అరికాల్లో దిగినప్పుడు కూడా ఆ స్వామి ఒక్క చెడ్డమాట అనలేదు. కుంటుకుంటూ వెళ్లి గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. లోపల ఏమన్నాడో ఆ అయ్యప్పకే తెలియాలి.

10 నవంబరు, ఆదివారం

నందిగామ జట్టుతో ఆట ఉండాల్సింది. వాళ్లు కార్తీక వనభోజనాలకు వేదాద్రి వెళ్లారట. సోమవారం పెట్టుకుందామా అంటే మా వాళ్లలో సగం ఉపవాసం, ముక్త్యాలలో స్నానం. కార్తీకంలో ఆటకు రోజు కుదర్చడం పెళ్లి ముహూర్తం కన్నా కష్టం.

17 నవంబరు, ఆదివారం. నందిగామ

చిల్లకల్లు టోలు దాటి ఎనిమిదింటికి చేరాం. దారి పొడవునా పత్తి తీస్తున్నారు. నందిగామ కోర్టు చూడగానే మా వాళ్ల మొహాలు మాడిపోయాయి. గీతలు తిన్నగా, నేల చదునుగా, నెట్టు బిగుతుగా ఉంది. "వీళ్లకు వాన పడలేదా?" అన్నాడు బావ.

వాళ్ల ఐదుగురిలో ఇద్దరు వకీళ్లు. ఆట మొదలవకముందే నా ఒప్పందం తీసి చదివాను. పెద్ద వకీలు శ్రద్ధగా విని, కాగితం అటూ ఇటూ తిప్పి, "స్టాంపు ఏదండీ? పైగా మా సంతకాలు లేవు. మూడో పక్షం మీద ఇది చెల్లదు" అన్నాడు. చిన్న వకీలు, "వేప కొమ్మ మీ ఊళ్లో ఉంది, మా ఊరికి దాని పరిధి రాదు" అన్నాడు. నాతో కాగితాలు రాయించుకునే జనం నలభై ఏళ్లలో ఇలా ఎదురు చెప్పలేదు. చివరికి ఎండ షరతు ఒక్కటి ఒప్పుకున్నారు, రెండు పక్షాలకూ ఎండ ఒకటే కాబట్టి.

35 పాయింట్ల సెట్లు. మొదటిది రాయదగ్గది కాదు. రెండోదాంట్లో మాస్టారు నిలబడ్డారు. మోకాలికి పట్టీ కట్టుకున్న మనిషి, కదలకుండా, నెట్టు మీద నుంచి బంతిని ఖాళీ చోటుకు తోస్తూ పోయారు. 33 దాకా వచ్చాం. అక్కడ బావ ఎండ షరతు వాడుకున్నాడు, పడమటి వైపు మొహం పెట్టి నిలబడి. వకీళ్లు ఇద్దరూ ఒకేసారి "అభ్యంతరం" అన్నారు. ఓడిపోయాం.

ఆట అయ్యాక టీ తాగుతూ వాళ్ల ఊరి పెద్దాయన ఒకరు పిచ్చయ్య గారి మాట ఎత్తారు. జమ్మలమడక పిచ్చయ్య, మన కృష్ణా జిల్లాలో పుట్టి ఓరుగల్లులో స్థిరపడ్డ మనిషి. ఈ ఆటలో మొదటి అర్జున అవార్డు ఆయనదే, 1970లో. నూరేళ్లు దాటి బతికి, 2021 డిసెంబరులో పోయారు. బాల్ బ్యాడ్మింటన్ అంటే టీవీలో రాదు, ఒలింపిక్స్‌లో లేదు. ఈ తరం పిల్లలకు బ్యాడ్మింటన్ అంటే షటిలే. అయినా ఆ పేరు రాగానే వకీళ్లు కూడా వాదన ఆపారు. మాస్టారు మాత్రం, "ఆయనకూ దసరా తర్వాత మొదటి వారం బంతి భుజం దాటి పోయేదంటావా?" అని నన్నడిగారు. బావ చాలా ఆశగా మా వంక చూశాడు.

4 డిసెంబరు, బుధవారం

ఇవాళ్టిది ఎవరికి చెప్పినా నమ్మరు కాబట్టి వివరంగా రాస్తాను.

28–28. అటు స్వామి, బంగారం కొట్టు కుర్రాడు వగైరా. ఇటు మేం. ఇన్నాళ్లకు బావ స్మాష్ కుదిరింది. బ్యాటు మధ్యలో తగిలిన చప్పుడు వినగానే తెలిసిపోతుంది. బంతి నెట్టు దాటింది. అంతలో కాళ్ల కింద ఏదో దొర్లినట్టయింది. గుంజలు వణికాయి. పక్కన పెట్టిన రోలరు పిడి టకటకా కొట్టుకుంది. ఎదురుగా మేడల్లోంచి జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చేశారు. స్వామి బ్యాటు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి శరణు ఘోష అందుకున్నాడు. బంతి ఆయన కాళ్ల దగ్గర పడింది.

కొన్ని సెకన్లే. తర్వాత ఫోన్లు మోగడం మొదలైంది. ములుగు దగ్గర భూకంపం, 5.3 తీవ్రత, ఉదయం 7:27కి. ఇక్కడి నుంచి హైదరాబాదు దాకా కదిలిందట. ఆవిడ ఫోన్ చేసి, ఇంట్లో అలమర గిన్నెలు మోగాయి, మీరెలా ఉన్నారని అడిగింది. అందరం బాగానే ఉన్నాం అన్నాను. వెనక నుంచి అరుపులు వినపడి, "మరి ఆ గొడవేంటి?" అంది.

గొడవేంటంటే పాయింటు ఎవరిదని. బంతి నెట్టు దాటాకే భూమి కదిలింది కాబట్టి పాయింటు మాదేనని బావ. భూమి కదలకపోతే స్వామి ఎత్తేవాడని వాళ్లు. స్వామి మాల నియమం పక్కనపెట్టి ఒక మాట అననే అన్నాడు, తర్వాత చెంపలేసుకున్నాడు. మాస్టారు గడియారం చూసి, కంపన తరంగం ములుగు నుంచి ఇక్కడికి రావడానికి పట్టే కాలం లెక్క కట్టబోయారు. నందిగామ పెద్ద వకీలుకు ఫోన్ చేశాం. వాళ్ల కోర్టులో కూడా ఆట ఆగిందట. "దైవాధీనం. మళ్లీ ఆడాలి. మీ ఒప్పందంలో ఉందా?" అన్నాడు. లేదన్నాను. "రాయకపోతే ఎలాగండీ, మీరు లేఖరి కదా!"

మళ్లీ ఆడాం. బావ స్మాష్ నెట్టుకు తగిలింది.

7 డిసెంబరు, శనివారం

కొత్త పేరా చేర్చాను: "భూకంపము, తుఫాను, నాగపూజ మొదలగు దైవికములు సంభవించినచో పాయింటు రద్దగును." అందరూ సంతకాలు పెట్టారు. ఈసారి వంద రూపాయల స్టాంపు కాగితం మీదే రాశాను, నందిగామ వాళ్ల కోసం. బావ ఒక్కడే పెట్టలేదు. ఈ షరతు ఇవాళ్టి నుంచే వర్తించును, నాలుగో తారీఖుకు వర్తించదు అని రాస్తేనే పెడతానంటున్నాడు. రేపు ఉదయం ఆరింటికి దాని మీద చర్చ. బంతులకు చందా కూడా అతనే బాకీ.